ఇసొగాయ్ చేతులు, ఒయిషి స్క్రూ

మా షిజువొక ఊళ్ళో సెలూన్లకి సోమవారం సెలవు. అందుకే మా రిమోట్ బొమ్మకార్ల జట్టు కూడా సోమవారాలే కలిసేది. అబె నది గట్టు కింద మట్టి ట్రాక్ ఉంది. సెలూన్ నడిపే ఇసొగాయ్ తొకుజి, ముల్లంగి, చేపముద్దలు పులుసులో ఉడికించి అమ్మే ఓదెన్ కొట్టు ఒయిషి, తతామి చాపలు కుట్టే నేను, మా బళ్ళు చంకన పెట్టుకుని పొద్దున్నే అక్కడికి చేరేవాళ్ళం. ముగ్గురికీ అరవై దాటింది. పందెంలో ఎవరు గెలిచినా మధ్యాహ్నానికి ఒయిషి తెచ్చిన ఓదెన్ గిన్నె దగ్గర అందరం సమానమే.

ఇసొగాయ్ పెద్దగా గెలిచేవాడు కాదు. అతని పేరంతా స్క్రూలు విప్పడంలోనే. ఎవరి బండిలో స్క్రూ మొండికేసినా అతని దగ్గరికే వెళ్ళేది. బండిని మోకాలి మీద బోర్లించుకుని, స్క్రూ తలలో ఇరుక్కున్న మట్టిని పళ్ళపుల్లతో తీసి, కాసేపు ఊరికే చూస్తూ కూర్చునేవాడు. "తొందరపడితే దానికి తెలిసిపోతుంది" అనేవాడు. సెలూన్‌లో కూడా అంతే. అతను గడ్డం గీస్తుంటే నాకు నిద్రపట్టేసేది. వాళ్ళావిడ సుమియె యైజు రేవు నుంచి పని నేర్చుకోవడానికి ఆ సెలూన్‌కి వచ్చిన పిల్ల. కత్తి పట్టడం అతని దగ్గరే నేర్చుకుంది. పెళ్ళికి ముందు పెళ్ళికూతుళ్ళ మెడల మీద, బుగ్గల మీద నూగు గీయడం చాలాకాలం ఆవిడ పని. కిందటి చలికాలం నుంచి మగవాళ్ళ గడ్డాలు కూడా ఆవిడే గీస్తోంది. ఊరికే కూర్చుంటే విసుగ్గా ఉందట. మేం సరేననుకున్నాం.

ఒక సోమవారం వాన. ట్రాక్ అంతా బురద. ఒయిషి తన బండి పట్టుకుని సెలూన్‌కి వచ్చాడు, నేనూ వెంట వెళ్ళాను. మోటారు కాలిపోయింది, మార్చాలి. దాన్ని పట్టి ఉంచే రెండు స్క్రూల్లో ఒకటి వచ్చింది. రెండోదాని తలలో ఆరు మూలల గుంట పూర్తిగా అరిగి గుండ్రంగా అయిపోయింది. అలెన్ కీ పెడితే ఊరికే తిరుగుతోంది.

ఇసొగాయ్ కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "దీన్నేం చేశావురా?"

"కొంచెం బిగించాను."

"ముల్లంగి ముక్క ఉడకడానికి పూటంతా ఓపిక పడతావు. స్క్రూ కనిపిస్తే ఎద్దులా మీద పడతావేం?"

"పరుగులో ఊడిపోతుందని జిగురు కూడా పెట్టానులే" అన్నాడు ఒయిషి, తప్పు సగం ఒప్పుకుంటున్నట్టు.

అద్దం ముందు బల్ల మీద తువ్వాలు పరిచి ఇసొగాయ్ బండిని పడుకోబెట్టాడు. స్క్రూ తల మీద గాడి కోసి, చపటా స్క్రూడ్రైవర్‌తో తిప్పాలని అతని ఆలోచన. చిన్న గ్రైండర్‌కి సన్న చక్రం తగిలించి మీట నొక్కాడు. చక్రం తలకి తగిలీ తగలగానే పక్కకి జారి, అల్యూమినియం ప్లేటు మీద పొడుగ్గా గీత గీసింది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి రెండు చేతులూ వణికాయి. ఇంకో గీత పడింది.

ఒయిషి కిటికీలోంచి వాన వైపు చూస్తూ, "ఆ ప్లేటు పాతదేలే" అన్నాడు.

ఇసొగాయ్ మీట ఆపేశాడు. "చెయ్యి తిమ్మిరెక్కింది."

వెనక గదిలో తువ్వాళ్ళు మడతపెడుతున్న సుమియె గుమ్మంలోకి వచ్చింది. "ఆ తిమ్మిరి ఎప్పట్నుంచో ఎక్కుతోంది" అంది, గొంతు పెంచకుండా.

"నీకు తెలుసా?"

"మీరు గీసిన గడ్డాలు ఎక్కడ మిగిలాయో చూసుకునేది నేనేగా. ఆ చేపల సంత ముసలాయనకి చెవి కింద తెగితే దూది పెట్టింది ఎవరు?"

"అందుకా గడ్డాలన్నీ నువ్వు తీసుకున్నది? విసుగన్నావు."

"అలా అనకపోతే ఇచ్చేవారా?"

ఇసొగాయ్ గ్రైండర్‌ని తువ్వాలు మీద పెట్టాడు. మాకు లేచి పోదామనిపించింది, లేవలేకపోయాం. చివరికి ఒయిషి నోరు తెరిచాడు. "మరి నా స్క్రూ?"

నేను అతని కాలు తొక్కాను. కానీ ఇసొగాయ్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సుమియె చొక్కా చేతులు పైకి మడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"ఇది గడ్డం కాదు" అన్నాడతను.

"గడ్డమైతే కదులుతుంది. ఇది కదలదుగా. ముందేం చెయ్యాలో చెప్పండి."

ముందు జిగురు మెత్తబడాలన్నాడు. ఆవిడ టంకం పెట్టే కడ్డీ వేడిచేసి, మొనని స్క్రూ తలకి ఆనించి పట్టుకుంది. ఘాటైన వాసన వచ్చాక తీసేసి గ్రైండర్ అందుకుంది.

"నొక్కకు. చక్రాన్నే తిననీ."

"కత్తి గురించీ ఇదే చెప్పారు. అప్పుడు ఇంత అరవలేదు."

"ఇప్పుడు అరిచానా?"

"కళ్ళతో అరుస్తున్నారు."

సన్నటి గాడి తిన్నగా పడింది. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే కదల్లేదు. ఒయిషి సుత్తి కావాలా అన్నాడు.

"ముందు రవ్వంత బిగించే వైపు తిప్పు" అన్నాడు ఇసొగాయ్.

"బిగించే వైపా?"

"పట్టు వదలాలి. ఎటు వదిలినా వదిలినట్టే."

ఆవిడ బరువంతా స్క్రూడ్రైవర్ మీద వేసి మెల్లగా తిప్పింది. అప్పుడు నాకు అద్దంలో ఇసొగాయ్ ఒడి కనిపించింది. అతని చేతివేళ్ళు కూడా, వణుకుతూనే, ఆవిడతోపాటు తిరుగుతున్నాయి. నేను చూపు తిప్పుకున్నాను. టక్కుమని చిన్న చప్పుడైంది. ఆ తర్వాత విప్పే వైపు తిప్పితే స్క్రూ మామూలుగా పైకి వచ్చేసింది.

ఇసొగాయ్ దాన్ని అరచేతిలో వేయించుకున్నాడు. అది అక్కడ గంతులేసింది. అతను పిడికిలి మూయలేదు. మా ముందే అలా పట్టుకుని కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఆవిడ అతన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ప్రాణం తీసే జబ్బు కాదు, మందులతో వణుకు తగ్గుతుంది గానీ పోదు అన్నారు. కొన్నాళ్ళు కత్తెర పట్టాడు, పాడుచేయడానికి పెద్దగా జుట్టు మిగలని నాలాంటి వాళ్ళకి మాత్రం. తర్వాత అదీ ఆవిడకే ఇచ్చేశాడు. వచ్చేవాళ్ళలో కొందరు స్టేషన్ దగ్గర కొత్త సెలూన్‌కి మారారు. ఇప్పుడు అతను కుర్చీ వెనక నిలబడి కబుర్లు చెబుతాడు, జుట్టు ఊడుస్తాడు. మొండి స్క్రూలు మాత్రం ఆ బల్ల దగ్గరికే వెళతాయి. అతను పక్కన నిలబడి చెబుతాడు, ఆవిడ సగమే వింటుంది. ట్రాక్‌కి మాత్రం రాదు. బురదలో చతికిలబడే ముసలాళ్ళని చూడ్డానికి తనకి తీరిక లేదంటుంది.

మొన్న గట్టు కింద కూర్చున్నప్పుడు, కష్టంగా ఉందా అని అతన్ని అడిగాను.

"ఉంది" అన్నాడు. "నాకంటే బాగా గీస్తోంది. అది ఇంకో కష్టం."

తన బండి నా ముందుకు జరిపాడు. బ్యాటరీ తీగ చిన్నది, అతని వేళ్ళకి లొంగడం లేదు. నేను తగిలించి ఇచ్చాను. రిమోట్ అందుకుని లేచాడు. ఒయిషి బండి అప్పటికే మొదటి మలుపు దాటింది.