మావయ్య బంతి, కింది వాటా బూజుకర్ర

మా మావయ్యకి ఒకటే పిచ్చి. పొద్దున లేచి గోల్ఫ్ బంతి దొర్లించనిదే పళ్ళు తోముకోడు. గోల్ఫ్ మైదానం ఎలా ఉంటుందో ఆయన జన్మలో చూడలేదు. ఆయన చూసిన పచ్చికంతా మా మేడ వెనక మురుగుకాలవ గట్టున మొలిచిందే. అయినా సరే, వాన రానీ, జ్వరం రానీ, చావు కబురు రానీ, ముందు గది గచ్చు మీద బంతి గడగడమని దొర్లాల్సిందే.

మా అమ్మ పోయాక, ఉద్యోగం దొరికేదాకా అని చెప్పి నేను ఆయన వాటాలో చేరాను. ఉద్యోగం దొరకలేదు. పాతకాగితాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలు చదువుతూ, ఈ లోకం ఇంత అన్యాయంగా ఎందుకు తగలడిందో తెలుసుకుంటూ మంచం మీద పడుండేవాణ్ణి. సరిగ్గా లోకం గుట్టు బయటపడే పేజీకి వచ్చేసరికి పక్క గదిలో గడగడగడ. గుట్టు మళ్ళీ గుట్టుగానే ఉండిపోయేది.

మావయ్య లిఫ్ట్ మెకానిక్కు. బతుకంతా జనాన్ని పైకీ కిందికీ చేరవేసి, చివరికి తను లిఫ్ట్ లేని మేడలో పై అంతస్తులో మిగిలాడు. రిటైరైనవాళ్ళకి గోడగడియారం ఇవ్వడం వాళ్ళ కంపెనీ ఆనవాయితీ. ఆయన వంతు వచ్చేసరికి గడియారాలు అయిపోయాయి. మేనేజరు తన బీరువా మీద ఎన్నాళ్ళనుంచో దుమ్ము పట్టి ఉన్న పెట్టె ఒకటి దింపించి, మావయ్య చేతుల్లో పెట్టి, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

అందులో ఒక పచ్చటి పట్టా, ఒక పొట్టి కర్ర, కొన్ని బంతులు, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. డబ్బాకి ముందు చిన్న ఏటవాలు, దాని పైన గుంట. బంతి గుంటలో పడితే లోపల మోటారు దాన్ని మళ్ళీ మన కాళ్ళ దగ్గరికి తోసేస్తుంది. వాన పడి మైదానానికి వెళ్ళలేని పెద్దమనుషులు ఇంట్లోనే గురి సాధన చేసుకోడానికి తయారుచేసిన వస్తువట.

"మనం కదలక్కర్లేదు, బంతే ఎక్కుతుంది, అదే దిగుతుంది. ఇదీ ఒక లిఫ్టే రా అల్లుడూ" అన్నాడు మావయ్య ముచ్చటగా.

మెకానిక్కు చేతికొచ్చిన వస్తువు కంపెనీవాడు చేసినట్టే ఉండిపోతే పరువు తక్కువ. మోటారులో జీవం లేదని, మావయ్య దానికి పాత లిఫ్ట్ తలుపు స్ప్రింగు ఒకటి బిగించాడు. అప్పటినుంచి గుంటలో పడిన బంతి తిరిగి రావడం మానేసి తిరగబడటం మొదలుపెట్టింది. గ్యాసు బండ తెచ్చేవాడు మా గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశాకే కాలు పెట్టేవాడు. అయితే దేవుడి దయవల్ల బంతి గుంటలో పడటం బహు అరుదు. అంత సాధన చేస్తే రోకలిబండకైనా గురి కుదరాలి. మావయ్యకి కుదరలేదు.

పట్టా సంగతి అడక్కండి. అది బంతి కింద తప్ప మిగతా అన్నిచోట్లా పనిచేసింది. ఇస్త్రీకి అదే, చలేస్తే కప్పుకోడానికి అదే, కప్పు కారితే నా పుస్తకాల మీద అదే.

"దాని మీద ఆడితే చప్పుడు రాదు కదా మావయ్యా" అన్నాను ఒకసారి.

"పట్టా మీద బంతికి బద్ధకం. గచ్చు మీద దొర్లితేనే దానికి బుద్ధొస్తుంది."

బంతికి బుద్ధి రావడం మాటెలా ఉన్నా, కింది వాటాలో టైపిస్టు పిన్నిగారికి మాత్రం ఒళ్ళు మండుకొచ్చేది.

ఆవిడ కోర్టులో టైపు కొట్టి రిటైరైంది. ఊళ్ళోవాళ్ళ విడాకులూ, జప్తులూ, శిక్షలూ కొట్టీ కొట్టీ మనుషుల మీద ఆవిడకి ఏ భ్రమా మిగల్లేదు. ఆ విషయంలో ఆవిడంటే నాకు గౌరవమే. ఒంటరి మనిషి, పైగా షుగరు. ఒకసారి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోతే, మర్నాటినుంచి మేడలోవాళ్ళు వంతులు వేసుకుని తలుపు తట్టి "ఎలా ఉన్నారండీ" అని అడగడం మొదలెట్టారు. ఆవిడ తలుపు తీసి, "ఇంకా పోలేదు. పోయాక కబురు పెడతాను. అందాకా ఎవరి పని వాళ్ళు చూసుకోండి" అని మొహం మీదే తలుపేసింది. ఆ తర్వాత ఆ తలుపు తట్టే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. మావయ్య గోల్ఫ్ పిచ్చి సరిగ్గా ఆ రోజుల్లోనే మొదలైంది. అంతవరకు ఆ పెట్టె మంచం కిందే పడి ఉంది.

మావయ్య బంతి దొర్లిన మరుక్షణం కింద పిన్నిగారు బూజుకర్ర ఎత్తి పైకప్పు మీద టకటకా కొట్టేది. మావయ్య కర్ర పట్టుకుని, తల ఓ పక్కకి వంచి, చేప కోసం చూసే కొంగలా నిలబడి వినేవాడు. టకటకలు పడగానే "అదీ" అని కర్ర మూల పెట్టి పళ్ళు తోముకోడానికి వెళ్ళేవాడు. బంతి గుంటలో పడిందో, బీరువా కిందికి దూరిందో చూసిన పాపాన పోయేవాడు కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మళ్ళీ అదే తంతు.

మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరి మాటలూ ఇలా ఉండేవి.

"ఏమయ్యా లిఫ్టాయనా, మీరు బంతి ఆడుతున్నారా, నా నెత్తిన బండి తోలుతున్నారా?"

"సాధనండీ."

"ఏ పోటీకి?"

"ఇంకా ఏం అనుకోలేదండీ."

"ఇన్నాళ్ళు టైపు మిషను ముందు కూచోబెడితే కోతికైనా వేళ్ళు తిరుగుతాయి. మీకు చెయ్యి తిరగదేం?"

"మీ బూజుకర్ర అదురుకి గురి తప్పుతోందండీ."

"అయితే రేపట్నుంచి ఇంకాస్త గట్టిగా కొడతాను."

"మీ ఓపిక" అనేవాడు మావయ్య వినయంగా. ఆ వినయానికి ఆవిడకి ఇంకా మండేది.

ఒకరోజు పిన్నిగారు సంచీ పట్టుకుని కూరలకి వెళ్ళడం కిటికీలోంచి చూశాను. "మావయ్యా, ఆవిడ లేదు. ఇప్పుడు హాయిగా ఆడుకో. ఎవరూ తిట్టరు" అన్నాను. ఆయన పేపరు లోంచి తలెత్తలేదు. "ఆవిడ లేనప్పుడు ఆడితే ఏం లాభంరా" అన్నాడు. సాటి మనిషిని ఏడిపించడంలో ఇంత నిష్ఠ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చివరికి జరగాల్సింది జరిగింది. పిన్నిగారు ఇంటి ఓనరుకి ఫిర్యాదు చేసింది. ఓనరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటూ ఉండగా, మావయ్య బంతి అరుదైన పని చేసింది. గుంటలో పడింది. పడి, లిఫ్ట్ తలుపు స్ప్రింగు పుణ్యమా అని తిన్నగా వెళ్ళి ఓనరు చీలమండకి తగిలింది.

ఓనరు ఒంటికాలి మీద నిలబడే తీర్పు చెప్పాడు. "ఈ మిషనన్నా వెళ్ళాలి, మీరన్నా వెళ్ళాలి. నెలాఖరుదాకా చూస్తాను."

"మిషను ఉంటుందండీ" అన్నాడు మావయ్య.

ఓనరు కుంటుకుంటూ దిగిపోయాక అడిగాను. "మావయ్యా, ఈ వాటా పోతే మనం ఎక్కడికి పోతాం?"

"కంపెనీ గోడౌన్ దగ్గర వాచ్‌మన్ గది ఖాళీగా ఉందట."

"కిటికీ కూడా లేని గది. అక్కడ ఉండగలవా నువ్వు?"

ఆయన గుమ్మం దగ్గర ఆగిన బంతిని వంగి తీశాడు. "అదేరా నా బెంగ. అక్కడ కింద ఎవరూ ఉండరు" అన్నాడు.

ఏడిపించడానికి మనిషి దొరకడని బెంగపడే మనిషితో ఏం వాదిస్తాం. ఆ సాయంత్రం నేనే పచ్చ పట్టా తెచ్చి గచ్చు మీద పరిచాను. మావయ్య పట్టా చుట్టి నా మంచం మీద పడేసి, నా వంక ఒక చూపు చూసి, గచ్చు మీద బంతి దొర్లించాడు. కింద టకటకలు పడ్డాయి.

నెలాఖరు దగ్గరపడింది. ముసురు పట్టింది. గోడలు చెమ్మకి ఉబ్బి, బట్టలు ఆరక, మేడంతా తడిసిన గోనెసంచీలా కంపుకొడుతున్న రోజుల్లో ఒక పొద్దున మావయ్య యథాప్రకారం బంతి దొర్లించాడు. అది వంకరపోకుండా, పిలిచినట్టు వెళ్ళి గుంటలో పడింది. స్ప్రింగు దాన్ని గోడకేసి కొట్టింది. మావయ్య కొంగలా నిలబడ్డాడు.

కింద నుంచి ఏమీ లేదు.

"ఆవిడకీ విసుగొచ్చింది. నువ్వే గెలిచావు" అన్నాను పక్కమీంచే.

మావయ్య మళ్ళీ దొర్లించాడు. ఏమీ లేదు. బంతిని తల ఎత్తునుంచి గచ్చు మీద పడేశాడు. ఏమీ లేదు.

"కూరలకి వెళ్ళిందేమో మావయ్యా."

"మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదురా" అన్నాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. చేతిలో కర్రతో, కాళ్ళకి చెప్పులైనా లేకుండా కిందికి పరుగెత్తాడు. నేనూ పక్కమీంచి లేచి వెనకాలే దిగాను.

తలుపు లోపలినుంచి గడియపెట్టి ఉంది. పిలిస్తే పలకలేదు. ఆగిపోయిన లిఫ్టుల్లోంచి జనాన్ని లాగిన చెయ్యి ఆయనది. గోల్ఫ్ కర్ర చదునైన కొసని తలుపు సందులో దూర్చి, భుజం ఆనించి ఒక్కసారి నొక్కాడు. గడియ ఊడొచ్చింది. ఆ కర్ర అనుకున్నచోట తగలడం నేను చూడటం అదే మొదలు.

పిన్నిగారు వంటింట్లో నేలమీద ఉంది. ఒళ్ళంతా చెమట, కళ్ళు సగం మూతలు. షుగరు పడిపోయింది. చెయ్యి ముందుగది వైపు చాచి ఉంది. బూజుకర్ర అక్కడ, గోడకి ఆనించి ఉంది, చేతికి అందనంత దూరంలో. మావయ్య పంచదార డబ్బా దించి, ఆవిడని లేపి కూచోబెట్టి, కొద్దికొద్దిగా నోట్లో వేస్తుంటే, ఆవిడ పెదాలు కదిలాయి. ఏమంటోందోనని ఇద్దరం వంగాం.

"ఆ బంతి... ఆపండయ్యా" అంది.

మావయ్య పంచదార చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూచున్నప్పుడు అడిగాను. "రోజూ దీనికేనా ఆడేది?"

"తలుపు తడితే తిడుతుంది కదరా."

"నెత్తిన బంతి దొర్లించినా తిడుతూనే ఉంది కదా."

"తిడుతుంది. కానీ తలుపు తడితే జాలిపడుతున్నారని తిడుతుంది. బంతికైతే దర్జాగా తిడుతుంది." చేతిలో కర్ర వంక చూసుకున్నాడు. కంగారులో దాన్ని ఆస్పత్రిదాకా తెచ్చేశాడు. "మీ అత్త కూడా వంటింట్లోనే పడిపోయింది. అప్పుడు నేను ఎక్కడో ఎవరినో లిఫ్టులోంచి దింపుతున్నాను. కింది వాటా ఖాళీ. పడిన చప్పుడు ఎవరికీ వినపడలేదు."

నేను చదివిన పుస్తకాల్లో ఆ చోట అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాదు.

"ఇవాళ గుంటలో పడింది చూశావా?" అన్నాడు ఆయనే.

"చూశాను."

"పాడు గుంట" అన్నాడు.

పిన్నిగారు తిరిగొచ్చిన రోజే ఓనరు కూడా వచ్చాడు, నెలాఖరు మాట గుర్తుచేయడానికి. ఆవిడ తన గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూచుంది.

"వీళ్ళని ఖాళీ చేయించమని మీకు ఎవరు చెప్పారు?"

"మీరేగా అమ్మా ఫిర్యాదు చేసింది."

"చప్పుడు మీద చేశాను. మనిషి మీద చెయ్యలేదు. ఆమాత్రం తేడా తెలియకపోతే ఎలాగయ్యా. వెళ్ళి ముందు నా తలుపుకి కొత్త గడియ వేయించండి."

ఓనరు చీలమండ నిమురుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మావయ్య నా మంచం మీంచి పచ్చ పట్టా లాక్కుపోయి, శ్రద్ధగా, ముడతలు లేకుండా గచ్చు మీద పరిచాడు. "డాక్టరు విశ్రాంతి అన్నాడు. కొన్నాళ్ళు మెల్లిగా ఆడదాం. ఆవిడ సంగతి మధ్యాహ్నం నువ్వెళ్ళి ఏదో వంకన కనుక్కో" అని గొణిగాడు. బంతి పిల్లిలా నడిచింది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మావయ్య అలవాటుకొద్దీ కొంగలా నిలబడ్డాడు గానీ, ఏం వినాలో తెలియనట్టు దిక్కులు చూశాడు.

అప్పుడు కింద నుంచి టకటకా మొదలైంది. ఆగలేదు. కప్పుకి చిల్లు పడుతుందేమో అన్నట్టు కొడుతూనే ఉంది. కాసేపటికి కిటికీలోంచి గొంతు కూడా వచ్చింది.

"లిఫ్టాయనా, ఉన్నారా, పోయారా?"

మావయ్య కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. "ఉన్నానండీ."

"ఉంటే చప్పుడు చెయ్యరేం? పొద్దుటినుంచి కర్ర పట్టుకుని కూచున్నాను."

మావయ్య పట్టా చుట్టి నా మీదికి విసిరి, గచ్చు మీద బంతి దొర్లించాడు. అది గడగడమంటూ వెళ్ళి, గుంటకి ఆమడ దూరంలో పక్కకి తిరిగి, గుమ్మం దాటొచ్చి నా మంచం కిందికి దూరింది. కింద టకటకలు పడ్డాయి.

"అదీ" అని ఆయన పళ్ళు తోముకోడానికి వెళ్ళాడు.

నేను పట్టా కప్పుకుని పుస్తకం తీశాను. లోకం గుట్టు బయటపడే పేజీ దగ్గర్లోనే ఉంది. రెండు వాక్యాలు చదివి, పుస్తకం బోర్లించి, మంచం కింద చెయ్యిపెట్టి బంతి వెతికాను. దొరికాక నా బలమంతా పెట్టి గచ్చు మీద దొర్లించాను.

కింద నుంచి టకటకలు, ఈసారి పట్టరాని కోపంతో.

"అదీ" అన్నాడు మావయ్య కుళాయి దగ్గర్నుంచి, నోటినిండా నురగతో.