లేని చేతి నొప్పి

హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న తమ ఊరు రాజురా బొంబాయి రాష్ట్రంలో కలిసేనాటికి సుందరి మెట్రిక్ చదువుతోంది. అంతవరకూ తెలుగు, ఉర్దూ. ఆ తరువాత ఏ ఆఫీసుకెళ్లినా, ఏ కాలేజీకెళ్లినా మరాఠీయే. పట్టుబట్టి ఆ భాష నేర్చుకుంది. చాందా కాలేజీలో బి.ఏ.లో చేరి తత్వశాస్త్రం తీసుకుంది.

"గదేం సదువు బిడ్డా?" అన్నాడు తండ్రి గాబ్రియేలు.

"మనసంటే ఏందో తెలుసుకునే సదువు బాపూ."

ఆమె దాన్ని ఎంచుకోవడానికి కారణం ఆయనే. ఘుగ్గుస్ బొగ్గుబాయిలో గని కప్పు కూలి ఆయన కుడిచేయి మోచేతిదాకా పోయింది. పుండు మానినా, లేని వేళ్లు గుంజుతున్నాయని పళ్లు బిగబట్టేవాడు. కొందరు నటన అన్నారు, కొందరు పిచ్చి అన్నారు. చివరికి ఆయన చెప్పడమే మానేశాడు.

సుందరి చివరి ఏడు చదువుతుండగా నాగపూర్ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య అనంతరావు ఉపన్యాసానికి వచ్చాడు. "చేయి తెగినవాడు ఆ చేతిలోనే నొప్పి అంటాడు. చేయే లేనప్పుడు నొప్పెక్కడిది? అది వట్టి భ్రమ" అన్నాడు.

సుందరికి ఒళ్లు మండింది. లేచి నిలబడి, మరాఠీలో అడిగింది.

"చేయి ఉందనుకోవడం భ్రమే సార్. నొప్పి భ్రమ ఎట్లా అవుతుంది? తాడును చూసి పామనుకుంటే, పాము లేకపోవచ్చు. భయం నిజమే కదా!"

ఆమె యాసకు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అనంతరావు చెయ్యెత్తి ఆపాడు.

"నవ్వకండి. పొరపాటు నాది. రెండు వేరువేరు సంగతుల్ని కలిపేశాను. ఇది ఎక్కడ చదివావమ్మా?"

"చదవలేదు సార్. మా నాన్నను చూశాను."

హాలంతా చప్పట్లతో మోగింది. నాగపూర్ వచ్చి ఎమ్మేలో చేరమని ఆయన అక్కడే పిలిచాడు.

ఆ సాయంత్రమే రాజురా వచ్చి తండ్రికి చెప్పింది.

"గంత పెద్ద సారు ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నడు బాపూ. నీ నొప్పి నిజమే."

గాబ్రియేలు కళ్లు తుడుచుకున్నాడు. "చిటికెనవేలు బిడ్డా... గిప్పుడు సుత గుంజుతుంది" అన్నాడు, ఇన్నేళ్లకు సిగ్గుపడకుండా. ఆమె పక్కన కూర్చుని అంతా చెప్పించుకుని విన్నది.

ఎమ్మేలో సుందరి విశ్వవిద్యాలయం మొత్తంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ కబురు అందిన రోజు గాబ్రియేలు బజారంతా తిరిగి కనబడ్డవాళ్లనల్లా ఆపాడు.

"మా సుందరి మనసు మీద సదివింది. అందరికన్న ముందచ్చింది!"