రానివాళ్ల లెక్క

“కరకట్ట తెగితే శిశుకేంద్రంలో పిల్లల్ని మేడ మీదికి ఎవరు మోస్తారు?”

మీటింగులో పైకే అనేశాను. నా కూతురు ఫెన్నాకి రెండేళ్లు. పగలంతా సముద్రపు కరకట్ట వెనకున్న ఆ కేంద్రంలోనే ఉంటుంది.

“తల్లిలా కాదు, సైన్సు చదివినదానిలా మాట్లాడు,” అని నవ్వాడు మా అధికారి ఎవర్ట్.

ఎవర్ట్‌కి సగటంటే భక్తి. సముద్రం ఎంత పెరుగుతుందో, ఏ తుఫాను ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు గనక, మా నీటి కార్యాలయంలో వెయ్యి భవిష్యత్తులు ఊహించి, ఒక్కోదానిలో నష్టమెంతో కంప్యూటరుతో కట్టించి సగటు తీస్తాం. ఈసారి ఆ సగటు, కరకట్ట ఎత్తు పెంచే ఖర్చు కన్నా ఓ పిసరు తక్కువొచ్చింది. అంతే, పని ఇరవై ఏళ్లు వాయిదా వేయమని నివేదిక రాసేశాడు. పాలకమండలి ఓటు గురువారం. ఆ ఆనందంలో ఆపిల్ కేకు కూడా తెచ్చాడు. ‘తెలియదు’ అనే మాట అతనికి, లెక్క అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చూపడానికి గ్రాఫులో గీత చుట్టూ పులిమే లేత నీలం రంగు మాత్రమే. అది అందంగా కుదిరితే ఊరు మునిగినా ఫరవాలేదు.

మూల కుర్చీలో వీప్కె కేకు తింటోంది. ఆటుపోట్ల కొలతలు రాసుకునే గుమాస్తా. అంతకుముందు ముప్పై ఏళ్లు, సముద్రం వెనక్కి తగ్గిన వేళల్లో జనాన్ని బురదలో నడిపించి ఎదుటి దీవికి చేర్చింది. ఎవర్ట్ ఆవిడను “బురద ప్రొఫెసర్” అంటాడు.

వేళ్లకంటిన క్రీము నాక్కుంటూ అడిగిందావిడ.

“ఎన్ని భవిష్యత్తుల్ని బయల్దేరదీశావు నాయనా?”

“వెయ్యి.”

“ఎన్ని తిరిగొచ్చాయి?”

“అదేం ప్రశ్న? సగటు...”

“నీ సగటు ఎవడిక్కావాలి? వచ్చినవెన్ని?”

తెర మీద నేనే చూశాను. తొమ్మిదివందల అరవై మూడు. మిగతా ముప్పై ఏడు గడులూ ఖాళీ.

“అవి ప్రోగ్రాం తప్పులు. చెత్త,” అన్నాడు ఎవర్ట్.

“ఓసారి పొగమంచులో ఇరవై రెండు మందిని తీసుకెళ్లా. ఒడ్డున లెక్కపెడితే ఇరవై ఒక్కరే. వాళ్ల బూట్లు ఎంత తడిశాయో సగటు కట్టి ఇంటికెళ్లిపొమ్మంటావా? ఆ ఒక్కడూ నడుంలోతు నీళ్లలో నిలబడున్నాడయ్యా!”

ఖాళీ గడులు విప్పి చూశాను. ముప్పై ఏడింటిలోనూ నీళ్లు మూడు మీటర్లు దాటాయి. ఎంత లోతు నీటికి ఎంత నష్టమో చెప్పే మా పట్టిక మూడు మీటర్ల దగ్గరే ఆగుతుంది, అందుకే యంత్రం ఏమీ రాయలేదు. అన్నిటికన్నా ఘోరమైన భవిష్యత్తులే మా సగటులో లేవు. ఆ పట్టిక అక్కడ ఆపింది నేనే. అంతకు మించి ఆధారాల్లేవని కాగితం మీద రాశాను. నిజానికి ఊహించబుద్ధి కాలేదు.

ఆ ఖాళీ గడుల్లో కనీసం మూడు మీటర్ల లోతుకయ్యే నష్టమైనా వేసి చూశాను. సగటు ఖర్చును దాటేసింది. ఎవర్ట్ బుధవారం నివేదిక వెనక్కి తీసుకున్నాడు, పొరపాటు తన పరిశీలనలోనే బయటపడిందని రాసుకుని. అంతకన్నా ఆశిస్తే తప్పు నాదే. గురువారం కరకట్ట పెంచడానికి ఓటు పడింది.

“అమ్మాయీ, వచ్చినవాళ్ల సంగతి తర్వాత. ముందు రానివాళ్లెవరో అడుగు,” అని ఆ రోజు మీటింగు అయ్యాక చెప్పింది వీప్కె, మిగిలిన కేకు డబ్బాలో సర్దుకుంటూ.

కిందటి వారం శిశుకేంద్రంలో పిల్లల్ని మేడెక్కించే అభ్యాసం పెట్టించాను. మెట్ల పైన నిలబడి, ఇంకా ఎక్కనివాళ్ల పేర్లే ముందు పిలిచాను.