ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు వచ్చిన అమెరికా కారు

దసరా నాడు పొద్దున ఏడింటికి పటాన్‌చెరులో యాదగిరి, నేను సంగారెడ్డి బస్సెక్కాం. ఇంట్లో మాత్రం అమ్మవారి దర్శనమని చెప్పాను. అది సగం అబద్ధం. దుబాయ్‌లో వ్యాపారం చేసే ఒకాయన ఆర్నెల్ల అనుమతి మీద అమెరికా మజిల్ కారు తెచ్చుకున్నాడనీ, ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ గుడి దగ్గర దానికి వాహన పూజ అనీ మా ఫ్యాక్టరీలో తెలిసింది.

నా పనిముట్ల పెట్టె మూతకు ఆ కారు బొమ్మ అంటించి రెండేళ్లయింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, పొడుగాటి బానెట్, పాత మోడల్ ముఖంతో వచ్చిన కొత్త బండి. పక్క లేత్ మీద పనిచేసే యాదగిరిది లక్డారం పల్లె. వాడి లెక్కలో కారంటే జపాన్ వాళ్లదే. అమెరికా బండి పెట్రోలు తాగుతుంది, తిన్నగా ఉరుకుతుంది, మలుపొస్తే చేతులెత్తేస్తుంది. "దాని సప్పుడన్న ఎన్నడన్న ఇన్నవారా?" అని ఎగతాళి చేసేవాడు. ఉత్త ఆర్భాటమని తేలితే బొమ్మ పీకేస్తానని క్యాంటీన్‌లో అందరి ముందూ మాటిచ్చాను. తీర్పు యాదగిరిదే. దారంతా అదే గుబులు.

సంగారెడ్డిలో ఇడ్లీ తిని ఎనిమిదిన్నరకు షేర్ ఆటో ఎక్కాం. కొబ్బరికాయల సంచితో కూర్చున్న పెద్దామె మా వాదన అంతా వింది.

"కారును సూడనికి పోతున్రా బిడ్డా? అమ్మకు గూడ జెర దండం పెట్టున్రి," అంది. సిగ్గేసి సరేనన్నాను.

గుడి ముందు ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరాయి. మధ్యలో ఎర్ర కారు. పూజారి బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. బండల మీద అప్పటికే కొబ్బరినీళ్లు పారుతున్నాయి. యజమాని ఉత్సాహంగా యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గర్జించింది, నా కడుపు నిండిపోయింది. కానీ బండి ముందుకు రాలేదు. వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి, తోక పక్కకు జారింది. జనం నవ్వారు.

"మూడొందల గుర్రాల బలమట, నిమ్మకాయ దాటలేకపాయె," అన్నాడు యాదగిరి.

నాకు రోషమొచ్చింది. యజమాని దగ్గరికెళ్లి, దీని బలమంతా వెనక చక్రాలకే పోతుందనీ, గట్టిగా తొక్కకుండా రెండో గేరులో క్లచ్ మెల్లగా వదలాలనీ చెప్పాను. అంత తెలిసినవాణ్ని నన్నే కూర్చోమన్నాడాయన. కుడి తలుపు తీసి దర్జాగా కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగ్ లేదు, అది ఎడమ వైపుంది. మళ్లీ నవ్వులు. ఈసారి నేనూ నవ్వాను.

దిగి అటు చేరేసరికి యాదగిరి పక్క ట్రాక్టర్‌లోని గోనెసంచులు తెచ్చి వెనక చక్రాల కింద దూరుస్తున్నాడు.

"బురదల ట్రాక్టర్‌ను గిట్లనే తీస్తం. ఇగ వదులు," అన్నాడు.

క్లచ్ మెల్లగా వదిలాను. కారు నిమ్మకాయలు చిదిమి, గుడగుడమంటూ ముందుకొచ్చింది. పదడుగులు. నేను నడిపింది అంతే, కానీ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. పెద్దామె దూరం నుంచి చేతులు జోడించింది, కారుకో అమ్మవారికో తెలియలేదు. ఆమెకిచ్చిన మాట ప్రకారం మేమిద్దరం లోపలికెళ్లి మొక్కి వచ్చాం.

సంగారెడ్డిలో మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు సీట్లు దొరికాయి. యాదగిరి తీర్పు ఇంకా చెప్పలేదు, నేను అడగలేదు. వాడి చొక్కా మీద కుంకుమ, నిమ్మగుజ్జు చూసి పక్క సీటాయన సంగతేమిటని అడిగాడు. అంతే, యాదగిరి బానెట్ పొడుగుతో మొదలుపెట్టాడు. కంది దాటేసరికి మూడొందల గుర్రాలు నాలుగొందలయ్యాయి. మరి అంత బలముంటే ఎందుకు జారిందని ఆయన అడిగాడు.

యాదగిరి ఆయన్ని జాలిగా చూశాడు. "తప్పు బండిది గాదన్నా. నిమ్మకాయలది."

నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. బొమ్మ దక్కింది.