ఒక్క దీర్ఘం

మా మేనత్త పోయిన బుధవారం కన్నుమూసింది. ఎనిమిది రోజుల జ్వరం. తొమ్మిదో రోజు పొద్దెక్కాక ప్రాణం పోయింది. నేను ఏడవలేదు.

దానికి మా ఇంట్లో ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పుకుంటున్నారు. చదువుకున్న పొగరని అమ్మ అంటోంది. అత్త వీలునామాలో నా పేరుంది కాబట్టి లోలోపల సంతోషంగానే ఉన్నానని గిద్దలూరు నుంచి వచ్చిన చుట్టాలు తేల్చారు. నాయన అయితే నేను మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోవడం కింద లెక్కగట్టాడు. అంతటితో ఆగక ఒక రాయి కూడా చెక్కించాడు. అందరూ నన్ను తప్పుగానే చదివారు. రాయి సంగతి చివర చెబుతాను.

మా అత్త ఒకప్పుడు శాసనసభ్యురాలు. ఒక్కసారే గెలిచింది. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఊరి ఆడవాళ్ళ అర్జీలు మోసుకుంటూ తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పోటీకి ఎవరూ ముందుకు రాని చోట నిలబడి గెలిచింది. అప్పటికి రాష్ట్రం కొత్తది. సభ కర్నూలు నుంచి హైదరాబాదుకు మారి ఎంతో కాలం కాలేదు. నేను హైదరాబాదులో ఆమె దగ్గరే ఉండి బి.ఏ. చదివాను.

ఆమె అయిదో తరగతి దాకానే చదివింది. సభలో అడగవలసిన ప్రశ్నను ముందు మార్కాపురం పలక మీద బలపంతో రాసేది. గట్టిగా చదువుకునేది. బాగా లేకపోతే కొంగు తడిచేసి తుడిచేది. మళ్ళీ రాసేది. ఒక్కొక్క ప్రశ్న నాలుగైదు రోజులు ఆ పలక మీదే నానేది. చివరికి నేను దాన్ని కాగితం మీదికి ఎక్కించాలి. దీర్ఘాలు మాత్రం ఆమెకు ఎప్పుడూ కుదిరేవి కావు.

"ఇక్కడ దీర్ఘం ఏదత్తా?" అనేదాన్ని.

"నీకు అర్థమైందా లేదా?"

"అయింది."

"అయినాక దీర్ఘమెందుకమ్మీ? మంత్రికి కూడా అయితాది. ఆయన కానట్టు కూర్చుంటాడు, అది వేరే కత."

ఆ రోజు పలక మీద ఉన్న ప్రశ్న నారికురుపు గురించి. ఈ జబ్బు తెలియని అదృష్టవంతులకు రెండు మాటలు చెప్పాలి. మా వైపు బావులకు మెట్లుంటాయి. కడవతో నీళ్ళలోకి దిగి ముంచుకోవాలి. ఆ నీళ్ళతో పాటు కంటికి కనిపించని పురుగు కడుపులోకి పోతుంది. ఏడాదికి కాలి మీద బొబ్బ లేస్తుంది. పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు తల బయట పెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు బెత్తెడు చొప్పున లాగాలి. తెగిందా, కాలు చీము పడుతుంది. ఆ కాలుతోనే మళ్ళీ బావిలో దిగితే, పురుగు మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది.

చిన్నప్పుడు నేను చూసిన కాళ్ళన్నీ ఆడవాళ్ళవే. మగవాళ్ళకూ వచ్చేది. వాళ్ళు మంచమెక్కి పడుకునేవాళ్ళు కాబట్టి నా కంట పడలేదు. అమ్మ మాత్రం పిక్కకు పుల్ల కట్టుకుని, కుంటుకుంటూ, నెత్తిన కడవతో మెట్లెక్కి వచ్చేది. కాబట్టి ఇక్కడ నారి అంటే దారమని తెలియక, అది ఆడవాళ్ళ జబ్బనీ, నారి అంటే స్త్రీ అనీ నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఆ మాటను ఎక్కడా అచ్చులో చూడలేదు. అత్త పలక మీద "నారికురుపు" అని చూడగానే, పాపం, అలవాటు ప్రకారం దీర్ఘం మింగేసిందనుకున్నాను. బి.ఏ. చదువుతున్నాను కదా. కాగితం మీద "నారీకురుపు" అని దిద్ది, చక్కగా, గుండ్రంగా రాసి ఇచ్చాను.

ఆఫీసులో ఎవరో దాన్ని స్త్రీలకు వచ్చే కురుపులని అర్థం చేసుకున్నారు. ప్రశ్న ఆరోగ్య శాఖకు పోలేదు. స్త్రీ సంక్షేమం చూసే మంత్రికి పోయింది.

నేను ఆ రోజు సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. మంత్రి లేచి కాగితం చదివాడు. "స్త్రీలకు ప్రత్యేకంగా వచ్చే కురుపుల గురించి ప్రభుత్వం వద్ద సమాచారం లేదు అధ్యక్షా."

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "పురుషుల కురుపులకు వేరే మంత్రి ఉన్నారా అధ్యక్షా?"

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరూ నవ్వుతుంటే నవ్వు వస్తుంది. సగం నవ్వాక తెలిసింది, ఆ దీర్ఘం నాదని.

అత్త లేచింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పలక తుడిచినట్టే, తొందర లేకుండా.

"అధ్యక్షా, దీర్ఘం నాదే. తెలిసే పెట్టినాను. ఆ బావిలో దిగేది ఆడది. ముంచేది ఆడది. కాల్లో పురుగు వేలాడతా ఉంటే దాన్ని పుల్లకు చుట్టుకోని మళ్ళా దిగేది ఆడది. ఈ కురుపు ఆడోళ్ళది కాకపోతే ఎవరిది? మంత్రిగారు ఎప్పుడన్నా ఒక కడవ ఎత్తినారా? ఈ మెట్ల బావులన్నీ మూపించి, ఒరలు కట్టించి, గిలకలు పెట్టిస్తారా లేదా? అంతే నా ప్రశ్న."

నవ్వు కాస్త తగ్గింది. అప్పుడు మా పక్క తాలూకా సభ్యుడొకడు మంత్రి చేతికి ఒక చీటీ అందించాడు. మంత్రి చదువుకుని చిరునవ్వు నవ్వాడు.

"గౌరవ సభ్యురాలి ఇంటి బావికి మెట్లు ఉన్నాయా, గిలక ఉందా?"

అత్త అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు.

"మెట్లు ఉన్నాయి," అని కూర్చుంది.

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు.

సాయంత్రం క్వార్టర్సుకు వచ్చాక, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పు నాదని చెప్పాను.

"తెలుసులే. పలక మీద లేదు గదా."

"మరి సభలో చెప్పలేదేం?"

"ఏమని చెప్పమంటావు? మా మేనకోడలు బీయే చదువుతాంది అధ్యక్షా, దానికి తెలుగు రాదు అనా?" అని నవ్వింది. మళ్ళీ తనే అంది, "నువ్వు తప్పు రాసినావని ఎవరన్నారు? నాకు ఇన్నాళ్ళూ తోచనిది నీకు తోచింది. తోచిన సంగతి నీకు తెలీదు, అంతే."

నన్ను తప్పుగా చదవని మనిషి అంటే నాకు ఆ ఒక్కతే గుర్తొస్తుంది.

ఆ రోజు నుంచి ఆమెకు పేరు పడింది. మార్కాపురం బస్టాండులో టీ కొట్టు దగ్గర ఒకడు అననే అన్నాడు. "కురుపమ్మ ఎక్కుతాంది, జరగండ్రా, అంటుకుంటది."

అత్త బస్సు మెట్టు మీద నుంచే వెనక్కి తిరిగింది. "అంటుకోదు నాయనా. తాగితేనే వస్తాది. మీ ఇంట్లో నీళ్ళు ఎవరు తెస్తారు? ఆమె కాళ్ళు ఎప్పుడన్నా చూసినావా?"

వాడు చూసి ఉండడు. బస్సు కదిలింది.

మలి ఎన్నికల్లో, ఆమెకు ఓటేస్తే బావులు పూడుస్తుందని ఎదుటి పక్షంవాళ్ళు ప్రచారం చేశారు. ఆడవాళ్ళే ఎక్కువ నమ్మారు. యర్రగొండపాలెం అవతల ఒక గూడెంలో ముసలామె ఒకతి ఆమె ముఖం మీదే చెప్పింది. "పురుగు ఏడాదికొక మారు తల్లీ. తాడు చేదడం రోజూ. నా రెక్కలు నువ్విస్తావా?" అత్త ఆ మాటను ఓడిపోయాక కూడా అందరికీ చెప్పేది. మంత్రి ఇయ్యని జవాబు ఆమె ఇచ్చింది, అందుకే గిలక కావాలంటున్నాను, అనేది.

ఓడి ఊరికి వచ్చాక రెండేళ్ళకు తాత పోయాడు. కొత్త చట్టం ప్రకారం ఆడబిడ్డకూ వాటా ఉందని అత్త అడిగింది. పొలం అడగలేదు. బావి, దాని చుట్టూ పాతిక సెంట్ల చోటు. నాయన నవ్వుకుంటూ రాసిచ్చాడు. ఆమె మేస్త్రీని పిలిపించిన రోజున మాత్రం నవ్వలేదు. పోయి పై మెట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, మెట్ల బావి అయితే ఎవరు దిగాలో ఎవరు దిగకూడదో మన చేతిలో ఉంటాది. గిలక పెట్టినావంటే తాడు ఎవరు పట్టుకుంటారో నేను కాపలా ఉండాల్నా?"

మాలపల్లె ఆడవాళ్ళు అప్పుడూ అక్కడే ఉన్నారు. ఎప్పుడూ ఉంటారు. గట్టు మీద ఖాళీ కడవలు పెట్టుకుని, మా ఇళ్ళవాళ్ళు ఎవరైనా దయతలచి పోసేదాకా నిలబడి ఉంటారు. నాయన మాట వాళ్ళు విన్నారు. ఆయన వినపడేట్టే అన్నాడు.

అత్త మేస్త్రీని పంపేసింది. "తమ్ముడిని మెడబట్టి లేపలేను. వాడి నోటితోనే సరే అనిపిస్తాను," అంది. ప్రతి నెలా అడిగింది. మంత్రిని అడిగినట్టే మర్యాదగా అడిగింది. ఇంట్లో నీళ్ళు మాత్రం నాలుగు మడతల గుడ్డతో వడగడితేనే తాగేది. పెళ్ళిళ్ళకు కూడా ఆ గుడ్డ మడిచి నడుములో దోపుకుని పోయేది. పెళ్ళివారు ముఖాలు మాడ్చుకునేవాళ్ళు.

"వడగట్టే చేతులు నావి, పేరు ఆమెది," అని అమ్మ గొణిగేది. అది నిజమే. రెండుసార్లు పుల్ల కట్టుకున్న కాలు అమ్మది. ఆ కాలు గురించి సభలో మాట్లాడింది అత్త. కాలు ఎవరిదో సభలో ఎవరూ అడగలేదు, అత్త కూడా చెప్పలేదు. దానికి అమ్మ ఆమెను క్షమించలేదు.

ఆఖరి రోజు అత్త దాహం అంది. అమ్మ కడవలో నుంచి చెంబు ముంచింది.

"వడగట్టమ్మా," అన్నాను.

"ఇంకేం వడగట్టేదే? పురుగు రావడానికి ఏడాది పడుతాది గదా. అంతదాకా ఉంటాదా మీ అత్త?"

గదిలో ఉన్న చుట్టాల్లో ఇద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. అత్తకు వినపడింది. అమ్మ వైపు చూసి, ఆ నీళ్ళే రెండు గుక్కలు తాగింది. "నిజమే మరదలా," అంది. ఆమె చివరి మాట అదే. నేను లేచి గుడ్డ తెచ్చి ఉండవలసింది. తేలేదు. ఏడవకపోవడానికి కారణం కావలసినవాళ్ళు దాన్ని తీసుకోవచ్చు.

పెద్దదినం కాకముందే నాయన ఆ రాయి తెప్పించాడు. తెల్లటి నాపరాయి. అత్త పేరు, దాని కింద "జ్ఞాపకార్థం ఈ మెట్లు". బావి పై మెట్టు తీసి దాన్ని వేయిస్తాడట. ఎడ్లబండి మీద నుంచి దించుతుంటే నన్ను పిలిచాడు.

"చూసినావా? అక్క పేరు వందేళ్ళు నిలబడతాది."

"ఏ మెట్లు నాయనా?"

"మన బావివే. ఇంకే మెట్లు? ఆ పాతిక సెంట్లు నీ పేర రాసిపెట్టి పోయింది. ఆడపిల్లవు, బావి నీకెందుకు? కాగితం రాపించినాను, సంతకం పెట్టు."

నేను మాట్లాడలేదు. మా అత్త అయితే ఇంకో ప్రశ్న వేసి ఉండేది.

సోమవారం కంభం నుంచి మేస్త్రీ వస్తున్నాడు. మెట్లకు అడ్డంగా గోడ, చుట్టూ ఒర, పైన రెండు గిలకలు. తాడు ఎవరైనా పట్టుకోవచ్చని మాలపల్లెకు పోయి చెప్పి వచ్చాను. నాయన మెట్టు మీద కూర్చుంటే, కూర్చున్న చోటు వదిలి మిగతాది కట్టమన్నాను. ఆకలికి ఎప్పుడో లేస్తాడు. అప్పుడు అదీ కడతారు.

చెక్కినవాడు "జ్ఞాపకార్థం"లో దీర్ఘం మరిచిపోయాడు. దిద్దించడం లేదు. రాయి మంచిది, దాన్ని గోడ మొదటి వరసలో పెట్టిస్తున్నాను, అక్షరాలు నీళ్ళ వైపుకు.

సంతకం పెట్టను.