కందిపువ్వు విమానానికి బొట్టు

శనివారం. పొద్దున్నే కందిపప్పు ఎండబోశాను, రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను, పొయ్యి విప్పి కడిగాను. స్టిక్కర్ షీట్లను రంగుల వారీగా సర్ది, కటింగ్ మెషిన్ బ్లేడుకు పట్టిన జిగురు తుడుస్తుండగా తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. మా వదిన, అంటే మావారి అక్క, టీ తాగి కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేదాకా నా మనసులో ఒకటే మెదిలింది. కందిపువ్వు ఇంకా పూర్తి కాలేదు.

కందిపువ్వు వదిన చేసిన నమూనా విమానం. ఆమె కరణ్‌కోట దగ్గర బడిలో సైన్స్ పాఠాలు చెప్పి రిటైరైంది. ఆ తరువాత తేలికపాటి బాల్సా చెక్కను చెక్కి, అతికి, రంగులేసి విమానాలు చేయడం మొదలుపెట్టింది. ఈ పసుపుపచ్చ విమానాన్ని తాను పనిచేసిన బడిలో వేలాడదీస్తానని మాటిచ్చింది. దాని మీది పేరు, గీతలు స్టిక్కర్ షీటులో కోయడం ఎప్పటిలాగే నా వంతు. అతికించడం ఎప్పుడూ ఆమె వంతే. ఈసారి మాత్రం, "అతికిచ్చుడు గుడ నువ్వే, తప్పిచ్చుకోకు" అని నన్ను ఒప్పించింది. వచ్చే వారం వస్తానన్నాను. ఆ వారం రాకముందే ఆమె వెళ్ళిపోయింది.

నా మెషిన్ పెద్దదేమీ కాదు, ఇంట్లో బల్ల మీద పట్టేది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను స్టిక్కర్ షీటు మీద సన్నని బ్లేడుతో కోసి ఇస్తుంది. వంటింటి డబ్బాల మీద పేర్లకు, పెళ్ళి కానుకల సంచుల మీద పువ్వులకు పనికొస్తుందని కొన్నాను. వదిన ఒకరోజు అట్టపెట్టెలో తన మొదటి విమానాన్ని పెట్టుకుని రైల్లో మా ఇంటికి వచ్చింది. దాని మీద కుంచెతో రాసిన పేరు అలికినట్టయింది.

"గోరంత అచ్చరం కోస్తదా నీ మిషిని?" అంది.

"కోస్తది. కోసినంక చుట్టున్నది పీకుడే కష్టం వదినె."

"పీకుడు నాకిడువు. నలబై మంది పిల్లల తలకాయలల్ల పేన్లు చూసినదాన్ని."

నిజంగానే ఆమె చెయ్యి అలాంటిది. తెలుగు అక్షరం కోస్తే గుండ్రటి కడుపులోని చిన్న ముక్క రాకుండా ఉండిపోతుంది, కింద వేలాడే వత్తేమో చుట్టున్నదానితో పాటే లేచి వచ్చేస్తుంది. వదిన పిన్నీసు మొనతో అక్కర్లేనిది మాత్రమే తీసేది. తరువాత విమానం మీద సబ్బు కలిపిన నీళ్ళు చల్లి అక్షరాన్ని పెట్టేది. తడి ఉన్నంతసేపు స్టిక్కర్ జరుగుతుంది. సరిగ్గా కుదిరాక పాత బస్‌పాస్ అంచుతో నీళ్ళు బయటకు తోసేది. "తడి మీద తప్పును దిద్దుకోవచ్చు. ఆరితే అయిపాయె" అనేది. ఈ మాట బడి పిల్లలకు కూడా వేరే సందర్భాల్లో చెప్పే ఉంటుంది.

ఆ మొదటి విమానానికే ఒక తమాషా జరిగింది. స్టిక్కర్లు పెట్టకముందే వదిన దాని ముక్కుకు నూనెలో తడిపిన పసుపు రాసి, కుంకుమ పెట్టింది.

"సైన్స్ చెప్పిన టీచరమ్మవు, ఇమానానికి పసుపేంది వదినె?"

"కొత్త బండి తెస్తే పెడ్తలేమా? ఇది గుడ బండే."

నూనె అంటిన చోట స్టిక్కర్ అంచులు లేచిపోయాయి. కడిగితే తెల్లరంగు మీద పసుపు మరక ఇంకా పరుచుకుంది. ఇద్దరం దాన్ని చూసి పడీపడీ నవ్వాం. అప్పటి నుంచి ప్రతి విమానానికీ బొట్టును మెషిన్ మీదే కోశాను. పసుపు షీటులో ఒక చుక్క, దాని మీదికి ఎర్ర షీటులో అంతకన్నా చిన్న చుక్క. ఏది కోసినా ఒకటి అదనంగా కోయడం నాకు అలవాటు.

"ఒకటి మిగుల్తది గదా, ఎవ్వలికి పెడ్తవు?" అని ఎగతాళి చేసేది.

"ఉండనియ్, ఎప్పుడన్న పనికొస్తది" అనేదాన్ని.

తాండూరు ఇంట్లో మా అత్తగారి చెల్లెలు ఉంటుంది. వదినకు చిన్నమ్మ, నాకు చిన్నత్త. ఒకసారి వదిన బొట్టు అతికిస్తుంటే ఆమె ఊరుకోలేదు. "మొగడు పోయినదానివి, కొత్త వస్తువుకు నువ్వెందుకు బొట్టు పెడ్తవే? కోడలుతోని పెట్టియ్యి."

వదిన తలెత్తలేదు. "చిన్నమ్మా, రెక్కలు చెక్కింది నేను, రంగేసింది నేను. బొట్టుకాడికి వచ్చేసరికి పనికిరానా? జర నా కండ్లద్దాలు ఇటియ్యి."

చిన్నత్త గొణుక్కుంటూనే అద్దాలు అందించింది. భర్త పోయాక వదిన తన నుదుట బొట్టు పెట్టుకోవడం మానేసింది. నువ్వు కూడా పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగితే, "ఇమానాలకు పెట్టుడే సరిపోతున్నది నాకు" అని నవ్వి మాట మార్చింది.

దశదినం ముందురోజు తాండూరులో ఆమె బల్ల ముందు కూర్చున్నాను. కందిపువ్వు రంగు ఆరి సిద్ధంగా ఉంది. కోసిన షీట్లు వికారాబాద్ నుంచి తెచ్చాను. ఆమె పిన్నీసే తీసుకున్నాను. ఎర్ర గీతలు రెక్కల మీద నేరుగా కూర్చున్నాయి. పేరులో వ కింది వత్తు నేను భయపడినట్టే లేచి వచ్చింది. దాన్ని పిన్నీసు మొన మీద పట్టుకుని, తడి మీద దాని చోట ఆనించి, బస్‌పాస్‌తో మెల్లగా అదిమాను. అంటుకుంది. ముక్కు మీద పసుపు చుక్క, దాని మీద ఎర్రచుక్క పెట్టాను. వదిన పెట్టినంత బాగానే కుదిరాయని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. నేర్పింది ఆమే.

మర్నాడు భోజనాలయ్యాక బడికి తీసుకువెళ్దామని కందిపువ్వును ముందుగదిలో దారంతో వేలాడదీశాం. దాని కింద వదిన ఫోటో, బంతిపూల దండ. నుదురు ఖాళీగా ఉంది. కుంకుమ పళ్ళెం పక్కనే ఉన్నా ఎవరూ ముట్టుకోలేదు.

"దండ చాలు తియ్" అంది చిన్నత్త.

నేను ఫోటో అద్దం తుడిచి సబ్బునీళ్ళు చల్లాను. అదనంగా కోసిన బొట్టు షీటు మీద ఉండనే ఉంది. పిన్నీసుతో లేపి, పసుపు చుక్క, ఎర్రచుక్క ఫోటో మీద పెట్టాను.

"పెడ్తున్న అత్తమ్మా" అన్నాను.

చిన్నత్త లేచింది. దగ్గరికి వచ్చి వంగింది.

"జర కిందికి జరుపు బిడ్డా. కనుబొమ్మల నడుమకు రావాలె."

తడి ఇంకా ఆరలేదు. వేలితో జరిపి, నీళ్ళు బయటకు తోశాను. ఫ్యాను గాలికి పైన కందిపువ్వు మెల్లగా తిరిగింది. దాని ముక్కు మీది ఎర్రచుక్క ఇటు వచ్చి, అటు పోయి, మళ్ళీ ఇటు వచ్చింది.

వదినకు మేమందరం ఒక బొట్టు బాకీ ఉన్నాం. అది తీరింది.