తొమ్మిదిసార్లు ‘ఇక్కడ నొక్కండి’

అది మొదలైంది మంగళవారం ఉదయం పదీ పదికి. ఆ రోజుల్లో నాకు యాభై తొమ్మిదేళ్లు. అయినా దాన్ని నా చిన్నతనమనే అంటాను, ఎందుకంటే అమీర్‌పేటలో వెబ్‌సైట్ల కోర్సులో చేరి అప్పటికి ఇరవై ఆరు రోజులే. (మొదటిరోజు హాస్టల్ పిల్లలు నన్ను చూసి, ఎవరి అమ్మగారో ఫీజు కట్టడానికి వచ్చారనుకున్నారు.) ఆ ఇరవై ఆరు రోజుల ధైర్యంతోనే పంజగుట్టలోని మా చర్చికి క్రిస్మస్ పనుల పేజీ నేనే చేస్తానని ఆ మంగళవారం పాస్టరుగారికి మాటిచ్చాను. పాడడం, వండడం, హాలు అలంకరించడం, ఇలా మొత్తం తొమ్మిది పనులు. ఒక్కోదాని వివరం రాసి, నొక్కగానే ఆ పనిలో పేరు చేరేలా కింద నీలం రంగులో ‘దయచేసి ఇక్కడ నొక్కండి’ అని లింకు పెట్టాను. తొమ్మిదిచోట్లా అదే మాట, అదే మర్యాద. శనివారం మధ్యాహ్నం పన్నెండుకు జాబితా మూసేస్తామని, ఆ తర్వాత మార్పులుండవని పైన రాసిందీ నేనే.

శనివారం పన్నెండూ ఐదుకు చూస్తే, పాడేవాళ్లలో మా ఆల్టో అక్క పేరు లేదు. ఇరవై రెండు క్రిస్మస్‌లుగా పాటలో కింది స్వరం నిలబెట్టిన మనిషి. ఆమెకు చూపు లేదు. తెరమీది మాటల్ని ఫోనే చదివి వినిపిస్తుంది. ఆమె పేరు ఉల్లిపాయలు తరిగేవాళ్లలో ఉంది. వెంటనే ఫోను చేశాను.

“ఏంటక్కా, పాట మానేశావా?”

“నేనెందుకు మానేస్తానమ్మా? నీ పేజీయే నన్ను వంటింట్లోకి పంపింది. పని త్వరగా అవుతుందని నేను లింకులు మాత్రమే వరసగా వింటాను. దయచేసి ఇక్కడ నొక్కండి, దయచేసి ఇక్కడ నొక్కండి అని తొమ్మిదిసార్లు బతిమాలింది. పోనీలే పాపమని ఒకదాని మీద నొక్కాను.” మళ్లీ తనే అంది: “జాబితా మూసేశావుగా, నీ సంగతి నాకు తెలుసు. కత్తిపీట నేనే తెచ్చుకోనా?”

ఒంటిగంటకల్లా అమీర్‌పేటలో మా సారు ముందున్నాను. “జర కళ్లు మూసుకోండి అమ్మా,” అని తన ఫోనులో నా లింకులు వినిపించాడు. మూడోదానికే నాకు విసుగొచ్చింది. “గీ తొమ్మిదిట్ల పాటలది ఏది, చెప్పుండ్రి.” రెండోదేమో అన్నాను. అది వంటది. “మర్యాద మస్తుంది, పేరే లేదు. బస్సులన్నిటికీ ‘దయచేసి ఎక్కండి’ అని బోర్డు పెడితే, బేగంపేట పోయేటోడు ఏది ఎక్కాలె?”

అక్కడే కూర్చుని ‘పాటల బృందంలో చేరండి’, ‘వంటలో సాయపడండి’ అని దేనికి దాని పేరు పెట్టాను. మూడున్నరకు, మూసిన జాబితాను నా చేతులతో నేనే తెరిచాను. మూడూ నలభై ఒకటికి అక్క పేరు పాటల్లోకి వచ్చింది. “ఇప్పుడు ఏది ఏదో తెలుస్తోంది, మునుపటంత మర్యాద లేదుగానీ,” అంది. ఉల్లిపాయల్లోంచి మాత్రం పేరు తీయనివ్వలేదు. ఆ క్రిస్మస్‌కు కింది స్వరం పక్కన నిలబడినవాళ్లకు కళ్లు మండాయి.

ఇరవై ఆరు రోజుల చదువుతో అంత నిబ్బరంగా తిరిగిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. మొత్తం మీద పోయినవి: ‘దయచేసి’లు తొమ్మిది, ‘ఇక్కడ’లు తొమ్మిది, ‘నొక్కండి’లు తొమ్మిది, మూసిన జాబితా తెరవననే నియమం ఒకటి.